ఏడూ యాభై రెండుకి తీసిన కన్ను

"నా కళ్ళకేం సార్, నిక్షేపంగా ఉన్నాయి. డాక్టరే రాసిచ్చాడుగా!"

తొమ్మిది రోజులుగా క్రేన్ డ్రైవరుది ఇదే పాట. స్టేషను వెనక గదిలో అతని ఎదురుగా కూర్చున్న జిగురుకి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషిని జైలుకి ఈడ్చుకుపోయే మాట ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే. ఆ సంగతి ఎన్ని రకాలుగా చెప్పినా బుర్రకెక్కదే!

జిగురుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. పట్టుకుంటే వదలడని డిపార్టుమెంటులో పెట్టిన పేరు ముప్పై ఏళ్ళు అంటుకుని, రిటైరై సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఊడి రాలేదు. ఈ కేసు ఒప్పుకోవడానికి కారణం డ్రైవరు అక్క. కుట్టుపని నేర్పే టీచరు. వచ్చిన మొదటి రోజే "బాబాయ్" అని పిలిచి, కాదనడానికి వీల్లేకుండా చేసేసింది.

కేసు చూస్తే చాలా సూటిగా ఉంది. ఇనుము దించే యార్డులో పొద్దున్న తొమ్మిదీ నలభైకి కడ్డీల కట్ట ఒకటి కిందికి దిగింది. కింద సూపర్‌వైజరు ఉన్నాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ముందు రోజే డ్రైవరూ అతనూ అందరి ముందు కాలర్లు పట్టుకున్నారు. "నీ అంతు చూస్తా" అని డ్రైవరు అరిచాడనడానికి పన్నెండుమంది సాక్షులు. పసుపు జాకెట్టు వేసుకున్న మనిషి పట్టపగలు కనపడలేదంటే ఎవరు నమ్ముతారు? పైగా కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని నాలుగు నెలల కిందటి కంటి రిపోర్టు ఉండనే ఉంది. ఏడాది దాకా చెల్లే కాగితం. ఇవాళ మూడు గంటలకి ఇన్‌స్పెక్టరు హత్య సెక్షను పెట్టి కోర్టుకి కాగితాలు పంపేస్తాడు.

"హారన్ కొట్టావా?" అడిగాడు జిగురు.

"రెండుసార్లు."

"కింద ఎవరైనా కనిపించారా?"

"ఎవరూ లేరు సార్. ఖాళీ నేల. దించాక తల పక్కకి తిప్పితే... అప్పుడు కనిపించాడు." డ్రైవరు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "వాడితో నాకు వంద గొడవలుండొచ్చు. కానీ వాడి పిల్లని నా భుజాల మీద తిప్పాను సార్ నేను."

"తల తిప్పితే కనిపించాడు, తిప్పకముందు లేడు. ఇలా ఎన్నాళ్ళుగా?"

డ్రైవరు నీళ్ళు నమిలాడు. జిగురు బల్ల మీద ఒక్కటి చరిచాడు.

"ఏడెనిమిది నెలలు," అన్నాడు డ్రైవరు, నేల చూపులు చూస్తూ. "ఎదురుగా ఒక చోట మచ్చలా ఉంటుంది. అక్కడున్నది కనపడదు. షుగరుంది కదా, కంటిదాకా పాకిందేమోనని భయపడ్డాను. ఈలోపు ఫోటో తీసి శుభ్రంగా ఉందన్నారు. మిషను కంటే నాకెక్కువ తెలుసా? నిద్ర చాలక అనుకున్నా."

ఆ మాట జిగురుకి ఎక్కడో గుచ్చుకుంది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఈమధ్య అదో అలవాటైపోయింది. కుడి అద్దం మీద నల్లటి దారప్పోగులాంటిది అంటుకుని ఉంటుంది, ఎంత తుడిచినా పోదు. తనకీ పన్నెండేళ్ళుగా షుగరే. అయితే ఎండాకాలంలో తనూ అదే హాస్పిటల్లో, అదే మిషను ముందు గడ్డం ఆనించి వచ్చాడు. అంతా బాగుందన్నారు. ఆ కాగితం మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. మంచి డాక్టరుకి చూపించుకో నాన్నా అని కూతురు పోరినప్పుడల్లా తీసి ఆమె మొహాన పెడతాడు.

"ఫోటో తీసిన రోజు సంగతి చెప్పు. గంటలతో సహా."

"ఆరింటికి క్రేనెక్కా. పదిన్నరకి మమ్మల్ని ఏడుగుర్ని వ్యానులో హాస్పిటలుకి పంపారు. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర దాటింది."

జిగురు లేచాడు. వెనక నుంచి డ్రైవరు పిలిచాడు. "సార్, నాకు కళ్ళు పోయాయని మాత్రం రాయించకండి. బయటికొచ్చాక నాకింకో పని రాదు."

"ముందు బయటికి రా," అని విసుక్కున్నాడు జిగురు. ఆ విసుగు ఎవరి మీదో అతనికే తెలీలేదు.

బయట బెంచీ మీద అక్క కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జిగురు కంటి రిపోర్టు నకలు తీసి ఆమెకిచ్చాడు. "చిన్నక్షరాలు నా వల్ల కావడం లేదమ్మా. పైనా కిందా, మూలల్లో, ఏదీ వదలకుండా చదువు."

ఆమెవి సూదిలో దారం ఎక్కించే కళ్ళు. టకటకా చదివేసింది. పేరు, వయసు, పైన చేత్తో రాసిన పద్నాలుగో తారీఖు, కింద ఆ హాస్పిటలు చిన్న డాక్టరు సంతకం. తర్వాత ఆగింది. "ఫోటో కింద కుడి మూల ఏదో అంకె ఉంది బాబాయ్. ఏడూ యాభై రెండు. పక్కన తారీఖు కూడా ఉన్నట్టుంది గానీ, ఆ అంచు కత్తిరించేశారు."

"ఏడూ యాభై రెండా?"

"పొద్దున్న ఏడూ యాభై రెండు."

"ఆ రోజు ఆ టైముకి మీ తమ్ముడెక్కడున్నాడు?"

ఆమె సంచీలోంచి యార్డు హాజరు కాగితం లాగింది. వేలు పెట్టి వెతికింది. "క్రేను మీద," అంది.

*

హాస్పిటల్లో ఫోటో గది పట్టుమని పదడుగులు లేదు. కిటికీకి నల్ల తెర, మధ్యలో మిషను, దానికి గడ్డం ఆనించే గిన్నె, నుదురు ఆనించే పట్టీ, పక్కన కంప్యూటరు. తెల్ల కోటు వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి స్పిరిట్ దూదితో ఆ గిన్నెని తుడుస్తోంది. పేషెంట్లంతా ఆమెని ఫోటో అక్క అంటారు. పదకొండేళ్ళుగా ఆ గదిలో ఆమె మాటే శాసనం.

"ఓపీ చీటీ ఏదీ?" అంది తలెత్తకుండా.

"కంటి కోసం రాలేదమ్మా. తెలుసుకుందామని వచ్చాను. ఈ మిషను లోపల ఏం చూస్తుంది?"

అడిగింది పని గురించి. దాంతో ఆమె మొహం కాస్త విచ్చుకుంది. "ఒకప్పుడైతే చేతికి రంగు మందు ఎక్కించి తీసేవాళ్ళం. సగం మందికి వాంతులు. దీనికి సూదీ లేదు, మందూ లేదు. వెలుతురు పంపుతుంది, రక్తం కదిలే చోటల్లా గీత గీస్తుంది. పారే నాళం తెల్లగా పడుతుంది. మూసుకుపోయిన చోటు నల్లగా ఉండిపోతుంది. షుగరున్న వాళ్ళకి ముందు సన్నవి మూసుకుపోతాయి. చూపు తగ్గిందని పేషెంటు అనుకునే లోపే మాకిక్కడ తెలిసిపోతుంది."

"అందరి కళ్ళలోనూ ఒకేలా ఉంటాయా ఈ నాళాలు?"

"భలేవారే! ఒకరి అల్లిక ఇంకొకరికి రాదు. ఒకే మనిషికి కుడి కంటిదే ఎడమ కంటికి కలవదు."

"ఈ మాట కోర్టులో కూడా చెబుతారా?"

దూది పట్టుకున్న చెయ్యి ఆగింది. జిగురు రిపోర్టు తీసి బల్ల మీద పరిచాడు. కుడి కన్ను ఫోటో. మధ్యలో ఎవరికైనా ఉండే చిన్న నల్ల చుక్క, దాని చుట్టూ తెల్లటి సన్నని వల. ఎక్కడా చిరుగు లేదు. చుక్కకి కాస్త పైన ఒక నాళం చెవిపోగు కొక్కెంలా వంకర తిరిగి ఉంది. అంత పెద్ద వంకర కాబట్టి జిగురుకి కూడా కనిపించింది.

"ఇది ఎవరి కన్నమ్మా?"

"పైన పేరుందిగా." గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"ఆ పేరుగల మనిషి ఇక్కడ కూర్చుంది పదకొండున్నరకి. ఫోటో తీసింది ఏడూ యాభై రెండుకి. మీ ఓపీ తెరిచేది ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి," అంది, చెప్పాక నాలిక్కరుచుకుంది.

జిగురు గది చుట్టూ చూశాడు. తలుపు పక్కన మేకుకి దారం కట్టిన పుస్తకం వేలాడుతోంది. చేతికి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి విసుక్కుని వెంట వచ్చిన డ్రైవరు అక్కకి ఇచ్చాడు. "ఇదేంటో చూడమ్మా."

"రోజుకో వరస, బాబాయ్. తారీఖు, టైము, టెస్టు సరిగా ఉంది, సంతకం. అంతా ఒకే చేతిరాత. ఏడూ నలభై ఎనిమిది, ఏడూ యాభై ఒకటి, ఏడూ యాభై..."

"ఏం టెస్టు?"

ఫోటో అక్క జవాబివ్వడానికి ఇష్టపడలేదు. ఇవ్వకుండా ఉండలేకపోయింది. "పొద్దున్నే పేషెంట్లు రాకముందు నా కన్ను నేనే తీసుకుంటాను. రోజూ అదే కన్ను, అలాగే పడితే మిషను బాగున్నట్టు. పెద్ద డాక్టరుగారు నేర్పిన పద్ధతి."

"ఆ నెల పద్నాలుగో తారీఖు చదువమ్మా," అన్నాడు జిగురు.

అక్క పేజీ తిప్పింది. ముందుకీ వెనక్కీ చూసింది. "పద్నాలుగున ఏమీ రాయలేదు. అయిదు నుంచి ఇరవై దాకా తారీఖులున్నాయి గానీ టైము లేదు, సంతకం లేదు. పదహారు రోజులు ఖాళీ. నాలుగో తారీఖుది మాత్రం ఉంది..." ఆమె తలెత్తి జిగురు వైపు చూసింది. "ఏడూ యాభై రెండు."

తలుపు ధడాలున తెరుచుకుంది. ముందు ఇన్‌స్పెక్టరు, వెనకే చిన్న డాక్టరు. ఈ ఇన్‌స్పెక్టరుని డిపార్టుమెంటులో ఇస్త్రీ అంటారు. యూనిఫాంకి మడత పడుతుందని జీపులో కూడా వెనక్కి ఆనుకోడు. ఒకప్పుడు జిగురు కింద పనిచేసినవాడే. సెలవు అడగడానికి గుమ్మంలో గంటసేపు నిలబడిన మనిషి.

"గురువుగారూ! రిటైరైనా మీకు తిరుగుడు తప్పలేదే," అన్నాడు ఇస్త్రీ. "హాస్పిటలు వాళ్ళు ఫోన్ చేశారు. పని చేసుకునే ఆడమనిషిని బెదిరిస్తున్నారట."

"బెదిరింపు కాదు, పాఠం చెప్పించుకుంటున్నా. నువ్వూ విను. నీ కేసుకి పనికొస్తుంది."

"నా కేసు మూడింటికి కోర్టుకెళుతుంది. చూపు బాగున్నవాడు చూసి మరీ దించాడు. ఇందులో పాఠమేముంది?"

"వాణ్ణి తీసుకొచ్చి ఇంకోసారి ఫోటో తీయించు. పది నిమిషాల పని."

"చెల్లుబాటయ్యే రిపోర్టు చేతిలో ఉండగా ముద్దాయిని ఊరేగించమంటారా? కాలం చెల్లిన వాళ్ళ మాట వినే తీరిక నాకు లేదు గురువుగారూ."

ఆ మాటకి డ్రైవరు అక్క మొహం ఎర్రబడింది గానీ జిగురు చలించలేదు. ఇంతకంటే పెద్ద మాటలు తనే ఇతన్ని అని ఉన్నాడు, గుమ్మంలో నిలబెట్టి. అవన్నీ ఇప్పుడు వడ్డీతో తిరిగొస్తున్నాయి.

"అమ్మా," అన్నాడు ఫోటో అక్కతో. "నాలుగో తారీఖు పొద్దున తీసిన కన్ను చూపించు."

చిన్న డాక్టరు అడ్డం వచ్చాడు. "పేషెంట్ల వివరాలు బయటివాళ్ళకి చూపించకూడదు."

"పేషెంటుది కాదండీ. ఆవిడ సొంత కన్ను. ఆవిడ ఇష్టం."

ఫోటో అక్క చిన్న డాక్టరు వైపు ఒకసారి చూసింది. తర్వాత మేకుకి వేలాడుతున్న పుస్తకం వైపు చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని మీటలు నొక్కింది. తెర మీద కన్ను పడింది. మధ్యలో నల్ల చుక్క. చుట్టూ తెల్లటి వల. చుక్కకి కాస్త పైన కొక్కెం.

జిగురు రిపోర్టు ఎత్తి తెర పక్కన పట్టుకున్నాడు.

ఇస్త్రీ వంగి అటూ ఇటూ చూశాడు. నాలుగుసార్లు చూశాడు. నడుం దగ్గర చొక్కా మడత పడినా పట్టించుకోలేదు. "ఇదేంటి డాక్టరుగారూ?" అన్నాడు.

"ఏదో పొరపాటున ఫైలు తారుమారై..."

"తారుమారు కాలేదు," అంది ఫోటో అక్క. "అయిదో తారీఖున మిషను చెడింది. లోపల దీపం వెలుగుతుంది, ఫోటో పడదు. డ్రైవర్ల క్యాంపు నడుస్తోంది. ఆపితే ఆ పని వేరే హాస్పిటలుకి పోతుందన్నారు ఈయన. రెండు రోజుల్లో బాగవుతుంది, అప్పటిదాకా నీ టెస్టు ఫోటో పెట్టి పంపెయ్, తర్వాత అందర్నీ మళ్ళీ పిలుద్దాం అన్నారు. రెండు రోజులు పదహారయ్యాయి. వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, రెప్పవేయకండి అన్నాను. కదలకండి అన్నాను. వాళ్ళు పాపం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. నేను ఉత్తుత్తి మీట నొక్కేదాన్ని."

"మరి మళ్ళీ పిలిచారా?" అడిగింది అక్క.

"మిషను బాగయ్యాక అడిగాను. మూడుసార్లు అడిగాను. ఇప్పుడు పిలిస్తే ముందిచ్చినవి దొంగ కాగితాలని మనమే ఒప్పుకున్నట్టు కదా అన్నారు. నోరు మూసుకున్నాను. ఆ పుస్తకంలో మాత్రం అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు."

"చెయ్యి రాలేదా!" డ్రైవరు అక్క అరిచింది. "మావాడికి కన్ను చెబుతూనే ఉంది తల్లీ, నేను పోతున్నానురా అని. మీ కాగితం దాని నోరు నొక్కేసింది. ఒక మనిషిని చంపి, ఇంకో మనిషిని హంతకుణ్ణి చేసి, పుస్తకంలో అబద్ధం రాయలేదని చెప్పుకుంటున్నారా?"

ఫోటో అక్క కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. సొరుగు తాళం తీసి, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు రెండు బయటికి తీసింది. పైన ఎర్ర సిరాతో "మళ్ళీ పిలవాల్సిన వాళ్ళు" అని రాసి ఉంది. "యాభై మూడు మంది," అంది. చిన్న డాక్టరు చెయ్యి చాచాడు గానీ, ఇస్త్రీ ముందే లాక్కున్నాడు.

ఇస్త్రీ నిలబడే చదవడం మొదలుపెట్టాడు. యార్డు క్రేన్లవాళ్ళు ఏడుగురు. స్కూలు బస్సుల డ్రైవర్లు పద్దెనిమిది మంది. సిటీ బస్సులవాళ్ళు. తర్వాత పోలీసు జీపుల డ్రైవర్లు తొమ్మిది మంది. అక్కడ అతని వేలు ఒక పేరు మీద ఆగిపోయింది. "వీడు నా జీపు నడుపుతాడు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఇప్పుడు కూడా వాడే తీసుకొచ్చాడు. దార్లో డివైడరు తగిలించాడు. తిట్టాను."

జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఆ గదిలో ఇస్త్రీ కేకలు తప్ప ఇంకేమీ వినబడలేదు. జీపు తాళాలు లాక్కోండి. స్కూళ్ళకి ఫోన్ చేయండి, మధ్యాహ్నం బస్సు ఒక్కటి కదలడానికి వీల్లేదు. కోర్టుకి కాగితాలు ఆపండి. క్రేన్ డ్రైవరుని ఇక్కడికి తీసుకురండి, ఫోటో తీయాలి. సంకెళ్ళు వద్దు. వద్దన్నానా!

అక్క గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. తొమ్మిది రోజుల్లో ఆమె ఏడవడం జిగురు చూడటం ఇదే మొదటిసారి.

గెలిచాడు. గెలిచినప్పుడల్లా ఇస్త్రీని ఓ మాట అనడం జిగురుకి ఆనవాయితీ. ఈసారి మాట కూడా సిద్ధంగానే ఉంది. కానీ ఇస్త్రీ మళ్ళీ ఆ కాగితాలే చూస్తున్నాడు. రెండో కాగితం అడుగున ఆఖరి వరసల దగ్గర అతని చూపు నిలిచిపోయింది. మెల్లగా తలెత్తి జిగురు వైపు చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు.

"సార్," అన్నాడు.

పదిహేనేళ్ళ కింద గుమ్మంలో నిలబడి పిలిచిన పిలుపు అది. ఆ తర్వాత ఎన్నడూ పిలవలేదు. "సార్, రిటైరైన స్టాఫ్‌కి కూడా క్యాంపు పెట్టారట, పదకొండో తారీఖున. మీరేమైనా..." అని, మిగతాది మింగేశాడు.

జిగురు కళ్ళజోడు తీసి, అలవాటుగా కుడి అద్దం తుడవబోయాడు. అద్దం చేతిలోనే ఉంది. నల్ల దారప్పోగు మాత్రం గాలిలో, కంటి ముందే ఉంది. అటు చూస్తే అటు, ఇటు చూస్తే ఇటు వస్తోంది. ఇన్ని నెలలుగా ఈ మాత్రం గమనించలేదా తను! ఊళ్ళోవాళ్ళ ఆనవాళ్ళన్నీ వెతికినవాడికి తన కంట్లో ఉన్నది పట్టలేదు. నాన్నా నాన్నా అని కూతురు ఎన్నిసార్లు మొత్తుకుందో గుర్తొచ్చింది.

కళ్ళజోడు పెట్టె తెరిచాడు. అడుగున మడతలు నలిగిపోయిన కాగితం ఉంది. విప్పి బల్ల మీద పెట్టి, మసకలోనే వేలితో తడుముతూ కొక్కెం కోసం వెతికాడు. ఉందో లేదో తేలలేదు. కాగితాన్ని అక్క చేతిలో పెట్టాడు.

"కింద కుడి మూల ఏముందో చదువమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది. మళ్ళీ చూసింది. పైన ఉన్న పేరు చూసి, జిగురు మొహంలోకి చూసింది.

"చదువు తల్లీ, పరవాలేదు."

"ఏడూ యాభై రెండు, బాబాయ్."